చేతులూపుకుంటూ

మా బండికి మీటరు మీద రెండు లక్షల తొంభై ఒక్క వేలు.
మూడు లక్షలు నిండితే ఎవరూ అడక్కుండానే పదవీ విరమణ.
ఎడమ వెనక తలుపు లోపల్నుంచి తెరుచుకోదు,
పోలీసు బండికి అదీ ఒక సుగుణమే అంటాడు ఫెలిమ్.
హీటరు కాళ్లని కాలుస్తుంది, చేతుల్ని పట్టించుకోదు.
నెత్తిన నీలి దీపాలున్నాయి.
వేసే అనుమతి నాకు లేదు.
డ్రైవింగ్ కోర్సు వరసలో నా పేరు
ఇంకా పద్దెనిమిది నెలల వెనక నిలబడి ఉంది.

నవంబరు. రాత్రి పదకొండు దాటాక ఫోను:
మలాకీ గొహన్ కొట్టంలో కూర్చున్నాడు,
జంట గొట్టాల తుపాకీతో.
చెప్పింది అతని చెల్లెలు, వంటింట్లోంచి, గుసగుసగా.
ఆ మధ్యాహ్నమే లారీలు వచ్చి
నలభై మూడు ఆవుల్ని ఎక్కించుకుపోయాయట.
మందలో క్షయ తేలింది.

సాయుధ దళం గాల్వే నుంచి రావాలి.
గంటా యాభై నిమిషాలు,
రోడ్డు మీద గొర్రెలు పడుకుని లేకపోతే.
"దూరంగా ఆగి కనిపెట్టుకుని ఉండండి," అంది రేడియో.
ఎంత దూరం అని అడగబోయి ఊరుకున్నాను.
మేయోలో ఆ చిత్తడి బీడు మీద
దాక్కోవడానికి ఒక పొదైనా లేదు.

వంతెన దగ్గర రోడ్డు పనికి పెట్టిన ఎర్రదీపం.
అటూ ఇటూ పురుగు లేదు.
రూలు ప్రకారం ఆగాను.
ఫెలిమ్ నవ్వలేదు.
భయమంటూ వేసింది ఆ ఒక్క నిమిషమే,
వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటుంటే.

మా తాత కూడా గార్డానే.
లైటు లేని సైకిలు మీద తిరుగుతూ
లైటు లేని సైకిళ్లకి జరిమానా వేసేవాడు.
నడుముకి తుపాకీ ఉంటే
ఎవడూ మొహం చూడడు, దాన్నే చూస్తాడు అనేవాడు.
ఈ మాట ఫెలిమ్‌కి ఎప్పుడూ చెప్పలేదు.
అతని దవడలో ఉక్కు రేకు ఉంది,
డబ్లిన్‌లో ఒక శనివారం రాత్రి తాలూకు.

కొట్టం తలుపు సగం తెరిచి ఉంది.
"ఏం పట్టుకొచ్చావ్?" అంది చీకటి.
లాఠీ, బేడీలు, తడిసిన నోటుపుస్తకం.
"ఏమీ లేదు," అన్నాను.
"చేతులూపుకుంటూ వచ్చేశావా?"
"వచ్చేశాను."

లోపల పాలు పితికే యంత్రం ఆడుతూనే ఉంది,
ఖాళీ గొట్టాల్లో గాలిని పీల్చుకుంటూ.
ఆపడం ఎవరికీ గుర్తు లేదు.
ఆపనా అని అడిగాను.
"ఎర్రది కాదు. దాని కింది మీట."

అది ఆగాక అతను ఏడ్చాడు.
తర్వాత పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు,
ఒక్కో ఆవుదీ, ఈనిన వరసలో.
పన్నెండో పేరు దగ్గర తుపాకీ గడ్డి మీద పెట్టాడు.
ముప్ఫయ్యో పేరు దగ్గర నేను దాన్ని అందుకున్నాను.
మిగతా పదమూడూ నిలబడే విన్నాను.

గుమ్మం బయట ఫెలిమ్ దాన్ని మడిచి చూశాడు.
రెండు గొట్టాల్లోనూ తూటాలున్నాయి.
అప్పుడు బానెట్ మీద కూలబడ్డాను,
ఇంజను వేడి ఇంకా ఉంది.
సాయుధ దళం వచ్చింది,
పెద్ద బండి, పద్ధతైన మనుషులు,
నాకు చాక్లెట్టు ఇచ్చారు.
వాళ్లే ముందొచ్చి ఉంటే ఏమయ్యేదో తెలీదు.
పదకొండో పేరు దగ్గర మలాకీకి దగ్గొచ్చి ఉంటే
ఏమయ్యేదో అదీ తెలీదు.

జనవరిలో సంఘం వాళ్లు కాగితం పంపారు:
మీకు తుపాకీ కావాలా? అవును, కాదు.
ఫెలిమ్ నిలబడే టిక్కు పెట్టాడు, అవును మీద.
నాది బండి అరలో పెట్టుకున్నాను, తీరిగ్గా రాద్దామని.
మార్చిలో మూడు లక్షలు నిండాయి.
నేను సెలవులో ఉండగా లాగించుకుపోయారు.
ఏ యార్డులోనో వానకి నానుతూ ఉంటుంది
రెండు గళ్లూ ఖాళీగా.

కొత్త బండిలో హీటరు చేతుల్ని కూడా కాస్తుంది.
కోర్సు పిలుపు ఇంకా రాలేదు.